రిక్రూటరు చేతిలోని కాగితము

పూర్వము మన ఇండ్లకు పెండ్లిండ్ల పేరయ్యలు వచ్చుచుండెడివారు. వరుని గూర్చి వారు చెప్పు విశేషములలో కొన్ని వరునికే తెలియకుండెడివి! నేడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగములు కుదుర్చు రిక్రూటరును చూచినప్పుడెల్ల మాకు ఆ పేరయ్యయే జ్ఞప్తికి వచ్చును.

ఇతనికి ముట్టు ప్రతిఫలమెట్టిదో మొదట తెలిసికొనవలెను. అభ్యర్థి ఒక్క రూపాయియు ఇయ్యనక్కరలేదు. అడిగినవానికి నమస్కరించి ఇవతలికి వచ్చుట మేలు. రుసుము నిచ్చునది కంపెనీ. మన దేశమున అది తరచుగా వార్షిక వేతనములో 8.33 శాతము, అనగా ఒక నెల జీతము. అదియు అభ్యర్థి చేరిన పిదపనే ముట్టును. చేరినవాడు కొద్ది మాసములలోనే మానివేసినచో, ఆ సొమ్ము తిరిగి ఇచ్చుటయో, మరియొకనిని చూపుటయో చేయవలెనని ఒడంబడికలలో వ్రాసికొనుట కలదు. కావున రిక్రూటరు మనకు శత్రువు కాడు. మన వకీలును కాడు. కంపెనీ కోరిన కొలతకు మనిషిని సరిపుచ్చుటలో ఒక్కొక్కప్పుడు అతని చేయి కాగితముపైకి పోవును.

మా మేనల్లుని సంగతి చెప్పెదము. వానికి జావాలో మూడేండ్ల అనుభవము. మాదాపూరులోని ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. అవతల కూర్చున్న ఇంజనీరు మొదటనే, "కుబర్నెటీస్‌పై మీరు రెండేండ్లు చేసిన పనిని వివరింపుడు" అనెను. వాడు ఆ క్లౌడ్ సాధనము పేరు వినియుండెనేగాని చేయి పెట్టి యెరుగడు. బల్లమీది రెజ్యూమెను అడిగి చూచుకొనెను. పేరు తనదే, అనుభవము ఐదేండ్లు!

ఔనని తల యూపి మరి నాలుగు ప్రశ్నలు దాటవచ్చును. కాని ఆ రెండేండ్లు దాగవు. 2014 నుండి భవిష్యనిధి సభ్యునకు కంపెనీ మారినను మారని ఒకే సంఖ్య ఉన్నది. ఎక్కడ ఎప్పుడు చేరినదియు, ఎప్పుడు విడిచినదియు దానివలన తెలియును. చేరుటకు ముందో తరువాతనో కంపెనీలు ఈ వివరములను తనిఖీ చేయించును. అబద్ధము బయటపడునాటికి పాత ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చియుండును, క్రొత్తది చేజారును. రెంటికి చెడ్డ రేవడి! కంపెనీ దృష్టిలో అపరాధి అభ్యర్థియే.

మావాడు, "అయ్యా, ఇది నేను వ్రాసినది కాదు. నాది మూడేండ్ల అనుభవమే" అని చెప్పివైచెను. ఇంజనీరు కాగితమును ప్రక్కకు నెట్టి, జావాలో ఒక చిక్కు నిచ్చి, ముప్పావుగంట మాటలాడెను. ఉద్యోగము రాలేదు, వారికి కావలసినది ఐదేండ్లవాడే. ఇంటికి వచ్చి, "మామయ్యా, వెర్రివాడనైతినా?" అని అడిగినప్పుడు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ నెలలోనే చెల్లెలి కళాశాల ఫీజు కట్టవలసియుండెను.

రిక్రూటరుకు ఫోను చేయగా, "అందరికిని ఇట్లే పంపుదుమండీ" అని సమాధానము వచ్చెను.

తరువాత వచ్చిన మరియొక రిక్రూటరుకు వాడు రెండు షరతులు పెట్టెను. కంపెనీ పేరు చెప్పనిదే రెజ్యూమె పంపరాదు. ఏలయన ఒకే కంపెనీకి ఇద్దరి ద్వారా పోయినచో, రుసుము ఎవరిదను తగవులో అభ్యర్థియే త్రోసివేయబడుటయు కలదు. పంపిన ప్రతిని తనకును పంపవలెను. ప్రతి వచ్చినది. ఇంటిపేరులో ఒక అక్షరము తప్పు. ఏండ్లు మాత్రము మూడే.