దారి పుస్తకములు వ్రాయువారము

‘మీరేమి చేయుచుందురు?’ అని రైలులో ఎదుటివారు అడిగినప్పుడు మేము కొంచెము తడబడుదుము. ఊళ్లు తిరిగి యాత్రికులకు ఉపయోగపడు పుస్తకములు వ్రాయుచున్నామని చెప్పినచో, ‘ఎంత అదృష్టవంతులండీ! తిరుగుటకు జీతము కూడనా!’ అందురు. జీతము లేదు. మేము ఏ పత్రికకును, ఏ ప్రచురణ సంస్థకును ఉద్యోగులము కాము. వ్రాసినదానికి డబ్బు వచ్చును, వ్రాయనిదానికి రాదు, వ్రాసినదానికి సైతము ఒక్కొక్కప్పుడు రాదు.

తెలుగున ఈ పనికి మాకు పెద్దలు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి ఇల్లు చేరిరి. మజిలీకి మజిలీకి దూరమెంత, బాట గట్టిదా రాతిదా, నీటి వసతి యున్నదా, అంగళ్లలో ఏమి దొరకును, దిగుటకు చావడి యున్నదా అని చూచి వ్రాసి, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లెగారికి పంపుచు వచ్చిరి. ఆయన 1836లో గతించిన పిమ్మట 1838లో పిళ్లెగారు ‘కాశీయాత్ర చరిత్ర’ను అచ్చు వేయించిరి. దేవాలయముల వైభవము వర్ణించినవారు చాలమంది కలరు. వంటకు కట్టెలు దొరకునా అని విచారించి వ్రాసినవారు అరుదు. వెనుక వచ్చువానికి కావలసినది అదియే కదా!

అయితే వీరాస్వామయ్యగారు సుప్రీము కోర్టులో ప్రధాన దుబాసీ. ఆ గ్రంథముతో వారికి పొట్ట గడువవలసిన అగత్యము లేదు. మా స్థితి వేరు. ఒక ఊరిలో మూడు రాత్రుల గది అద్దె ఆ ఊరిని గూర్చి వ్రాసిన పుటలకు వచ్చు ప్రతిఫలమును మించిపోవచ్చును. అందుచేత హోటలు యజమాని ‘మీవంటివారి యొద్ద డబ్బు తీసికొందుమా?’ అన్నప్పుడు మనస్సు మెత్తబడును. మేము ఒకమారు అట్లు మెత్తబడినవారమే. గదులు విశాలముగా నున్నవని వ్రాసితిమి, నిజముగనే విశాలములు. రాత్రియెల్ల కిటికీ క్రింద లారీలు ఆగుచుండుట మాత్రము వ్రాయలేదు. భోజనము పెట్టినవాని మొగమాటము అట్టిది. ఆనాటినుండి గది అద్దె ఇచ్చియే దిగుచున్నాము, కొన్ని ఊళ్లు చూడకుండ మానుకొనవలసి వచ్చినను.

ఇంతకంటె పెద్ద తప్పు మరియొకటి కలదు. అందులో మొగమాటము లేదు, తెలివితక్కువయే కలదు.

జర్మనీదేశపు మార్గదర్శక గ్రంథకర్త కార్ల్ బేడెకర్ మిలాను నగరపు మహాదేవాలయము ఎక్కునప్పుడు, ఇరువది మెట్లకు ఒక బఠాణీగింజ చొప్పున ఒక జేబులోనుండి మరియొక జేబులోనికి వేయుచు లెక్క తీసెనని ఒక కథ ప్రసిద్ధము. మేమును ఆ భక్తితోనే మెట్లు లెక్కపెట్టినవారము. కాని మెట్లు ఋతువునుబట్టి మారవు, నది మారును.

మేము అంతర్వేదికి మాఘమాసములో, తీర్థము రోజులలో వెళ్లితిమి. నరసాపురము వద్ద మాధవాయిపాలెము రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లిలో దిగితిమి. జనము, బండ్లు, మోటారు సైకిళ్లు అన్నియు ఆ పంటుమీదనే. ‘నరసాపురమునుండి రేవు దాటుటయే దగ్గర దారి, పంటుకు వేచియుండవలసిన పనిలేదు’ అని వ్రాసితిమి. చూచినదే వ్రాసితిమి. చూడని పది నెలల సంగతి పడవవారిని అడుగుటకు మాకు తోచలేదు.

భాద్రపదములో ఒక పెద్దమనుష్యుని ఉత్తరము వచ్చెను. వృద్ధురాలగు తల్లిని తీసికొని మా పుస్తకము చేత బట్టుకొని సాయంకాలమునకు రేవు చేరిరట. గోదావరి వరదమీద నున్నది; పంటు కట్టివేసిరి. వెనుకకు పాలకొల్లు వచ్చి, చించినాడ వంతెన దాటి, మలికిపురము మీదుగా చుట్టి అంతర్వేది చేరునప్పటికి గుడి మూసిరి. ఆ రాత్రి తల్లికి జ్వరము తగిలినది. ఉత్తరములో ఒక్క పరుషవాక్యము లేదు. ‘అయ్యా, తమరు వ్రాసినది నమ్మితిమి’ అని మాత్రమే కలదు. తిట్టియున్నచో కొంత సుఖముగా నుండెడిది.

వెంటనే ఆ వాక్యము దిద్దుడని ప్రచురణకర్తకు వ్రాసితిమి. పునర్ముద్రణ వచ్చెను, వాక్యము అట్లే యున్నది. పేరు మాది, హక్కు మాది కాదు. ‘సర్వహక్కులును శాశ్వతముగా’ అను పత్రముమీద మేము చదువకయే సంతకము చేసియుంటిమి. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము ఉద్యోగి కాని రచయితయే సాధారణముగా తన రచనకు తొలి హక్కుదారు. హక్కు వ్రాసి ఇచ్చు పత్రములో కాలము చెప్పనిచో అది 5 సంవత్సరములకు మాత్రమే చెల్లును. ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకే చెల్లును. శాశ్వతమని మేమే వ్రాసి ఇచ్చితిమి కనుక ఆ రక్షణ మాకు లేకపోయెను. ఈ వృత్తిలోనికి రాదలచిన యువకులు డబ్బెంత అని అడుగుటకు ముందు, పునర్ముద్రణకు ముందు దిద్దుబాటు ఎవరిచేతిలో నుండునని అడుగుదురుగాక.

రెండవ పుస్తకమునకు తక్కువ సొమ్ముకే ఒప్పుకొని, ప్రతి ముద్రణమునకు ముందు ప్రతిని మాకు చూపవలెనను షరతు వ్రాయించుకొంటిమి. వరదరోజులలో మరల ఆ రేవునకు పోయి, కట్టివేసిన పంటును చూచి, పడవవారి యొద్ద కూర్చుండి అడిగి వ్రాసితిమి. నేడు చేతిఫోనులోని పటము కూడ దారి చూపును. అయినను ఈనాడు రేవు నడచుచున్నదా అని నరసాపురములో ఒకరిని అడిగి బయలుదేరుట మేలని అందు చేర్చితిమి.

ఆ పుస్తకము ఒక ప్రతి ఆ పెద్దమనుష్యునికి పంపితిమి. మరుసటి మాఘములో కార్డు వచ్చెను. తల్లిగారితో రేవు దాటి స్వామిని దర్శించుకొనిరట. పంటు టిక్కెట్టు మాత్రము మేము వ్రాసిన ధర కాదట; పెరిగినదట.