చిన్ననాటి బట్టల బొంత



ప్రతి గృహమునందును అటుకమీదనో, భోషాణము నడుగుననో యొక మూట యుండును. విప్పి చూచినచో బెత్తెడు చొక్కాలు, జానెడు పరికిణీలు, వెలిసిన కుళ్లాయిలు కనబడును. వానిని పాఱవేయ నింటి యిల్లాలికి మనసొప్పదు. తొడుగుద మన్న, నాటి బిడ్డడు నేడు మీసములు దువ్వుచున్నాడు. ఆ మూట నేమి చేయవలెను? దానితో నొక బొంత కుట్టవచ్చునని మనవి చేయుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

బొంత మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున దీనిని కంథ యందురు. గుడ్డపేలికల నతికి చీవరములు ధరించుట బౌద్ధభిక్షువుల యాచారము. మగధదేశపు వరిమళ్ల గట్లను జూపి, ఆ తీరున ముక్కల నతుకుమని బుద్ధభగవానుడు ఆనందునకు జెప్పినట్లు వినయపిటకమున గలదు. సన్న్యాసికి వైరాగ్యచిహ్నమైన యా యతుకుల వస్త్రమే తల్లికి అనురాగచిహ్న మగుట వింత గాదా!

మన తెలుగునాట పురిటిబిడ్డను తొలుత మెత్తని పాతబట్టలోనే పొదుగుదురు. ప్రాతచీరల మడతలతో కుట్టిన బొంతయే పసివాని తొలిశయ్య. బీహారమున సుజని యనునదియు, వంగదేశమున కాంథా యనునదియు నిట్టివే. ఉత్తరకన్నడ మండలమున సిద్దీ స్త్రీలు కుట్టు కవందిలో నొక విశేషము గలదు. వారు అంచునుండి మొదలిడి చుట్టును కుట్టుచు నడిమికి వత్తురు. చివరకు నాలుగు మూలలను చిన్న గుడ్డపువ్వులు పెట్టుదురు. అవి లేనిచో బొంత దిగంబరముగా నున్నదని వారి భావము.

"అయ్యా, పిల్లల బట్టలు పేదవారి కిచ్చుట పుణ్యము గదా! దాచుకొను టేల?" యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. తొడుగదగిన బట్టను తప్పక దానము చేయుడు. చినిగినది, మరకపడినది, మోకాళ్లయొద్ద నరిగినది దానమునకు దగదు. అట్టివానిలో గట్టిగా మిగిలిన భాగమే బొంతకు ముక్క. ఇట్లు చేసినచో దానమునకు లోపము లేదు, జ్ఞాపకమునకును లోపము లేదు.

ఇక కుట్టు విధానము. ముందుగా బట్టలను ఉతికి యెండబెట్టవలెను. ముదురురంగు బట్టను తడిపి తెల్లగుడ్డపై నద్ది చూడుడు. రంగంటినచో దానిని విడిచిపెట్టుటయే మేలు. గుండీలు, కొక్కెములు తీసివేయవలెను. అవి పసివాని నోటికి పోవు ప్రమాదము గలదు. నూలుబట్టతో నూలుబట్టనే చేర్చుడు. బనియను గుడ్డ సాగును గనుక దానికి వెనుక పలుచని నూలుగుడ్డ వేసి కుట్టవలెను.

ముక్కలన్నియు నొక్క కొలతకు రావలెను. అట్టముక్క నొకదానిని 6½ అంగుళముల చదరముగా కత్తిరించి, దానిని బట్టపై నుంచి గీత గీయుడు. కుట్టునకు నలువైపుల పావు అంగుళము పోగా 6 అంగుళములు నిలుచును. వరుసకు 6 ముక్కల చొప్పున 8 వరుసలు, అనగా 48 ముక్కలు చేర్చినచో 4 అడుగుల నిడివి, 3 అడుగుల వెడల్పు గల బొంత యగును. ముందుగా ముక్కలన్నిటిని నేలపై పఱచి, ఒకే రంగు పక్కపక్కను బడకుండ సర్దుకొని, ఆ పిమ్మట సూది పట్టుడు. అడుగున అస్తరు, నడుమ మెత్తని ప్రాతచీర, మీద నీ యతుకుల బట్ట పఱచి, నడిమినుండి అంచులకు పొడుగు కుట్లు వేసి నిలుపవలెను. అప్పుడు మడత పడదు. ఆ తరువాత నూలుదారముతో సన్నని కుట్టు కుట్టి, అంచు మడిచి బిగింపవలెను.

ఏడాది నిండని శిశువు నిద్రించునపుడు దీనిని మీద కప్పరాదు. మొగముపైకి జాఱి యూపిరి కడ్డుపడవచ్చును. మెలకువగా నాడుకొనునపుడు క్రింద పఱచుడు. దాచునపుడు మడత మార్చుచుండవలెను. ఒకేచోట మడిచినచో నచ్చటనే చిరుగును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి మిగిలినది. మా తల్లికి అక్షరములు రావు. మా తోబుట్టువులందఱి చిన్ననాటి బట్టలతో నామె యొక బొంత కుట్టినది. నేను చదువునకై పట్టణమునకు పోవునపుడు దానిని నా పెట్టెలో నుంచినది. సహాధ్యాయులు చూచి నవ్వుదురని సిగ్గుపడి, నేను దానిని తీసి యింటనే విడిచిపోయితిని. ఆమె యొక్క మాటయైన ననక మడిచి దాచినది.

ఆమె గతించిన పిమ్మట ఆ బొంత నా చేతికి వచ్చినది. సరిగా నడుమ నొక పసుపుపచ్చని ముక్క. దాని చుట్టు కుట్టు తక్కినవానికంటె సన్ననిది. నాకంటె ముందు పుట్టి, మూడు నెలలు మాత్రమే బ్రదికిన యొక బిడ్డ మా యింట నుండెనని వినియుంటిని. ఆ ముక్క యా బిడ్డదేనా? చెప్పగలవారు నేడొక్కరును లేరు. ముప్పదియైదేండ్లు పరుల బిడ్డలచేత అక్షరములు దిద్దించితిని. మా తల్లి రచించిన యొకేయొక గ్రంథమును ఆమె యుండగా చదివించుకొనలేకపోయితిని.

కావున, మా యింట మనుమల బట్టలతో బొంత కుట్టునపుడు నా వంతు పని యొకటి కోరి తీసికొంటిని. ప్రతి ముక్క వెనుకను అస్తరుపై ఆ బిడ్డ పేరు, సంవత్సరము పెన్సిలుతో వ్రాసితిని. మా అమ్మాయి దానిపై దారము నడపినది. సిరా వెలియును, దారము నిలుచును.

వృద్ధులారా! సూది పట్టుట మీకు రాకున్నను కొఱత లేదు. ఏ చొక్కా యెవరిదో యెఱిగినవారు మీరే. ఈ సాయంకాలమే ఆ మూటను దింపించి, ఇంటి పిల్లలను చుట్టు గూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క బట్టను చేతికి తీసికొని, అది యెవరిదో చెప్పుడు. బొంత రేపు కుట్టవచ్చును. చెప్పవలసిన మాటను మాత్రము రేపటికి ఉంచకుడు.

సెలవు.