రాస్తే మెమో వస్తుంది

ఇంజనీరింగ్ సంస్థల్లో జ్ఞాన నిర్వహణ మీద సదస్సు అనగానే హైదరాబాదులో ఏసీ హాలు గుర్తుకొస్తుంది. పెన్‌పహాడ్‌లో పెట్టిన నిర్వాహకులను ముందుగా అభినందిస్తున్నాను. ఇక్కడికి మూసీ ప్రాజెక్టు ఎంతో దూరం లేదు. దక్షిణానికి దిగితే నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1963లో పూర్తయిన ప్రాజెక్టు ఒకటి, 1967 ఆగస్టులో నీళ్లు వదిలిన కాలువ ఇంకొకటి. వాటిని కట్టినవాళ్లు వెళ్లిపోయారు, కట్టినవాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ పింఛను తీసుకుంటున్నారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. అప్పుడు కబురు వెళ్లింది విశ్రాంత నిపుణుడు కన్నయ్య నాయుడు గారికి. నీళ్లు పారుతుండగానే ఒకదాని మీద ఒకటిగా స్టాప్‌లాగ్‌లు దింపించి, వారం రోజుల్లో ప్రవాహాన్ని ఆపించారు. మరుసటి నెలలో ప్రకాశం బ్యారేజి గేట్లను పడవలు ఢీకొని కౌంటర్‌వెయిట్లు దెబ్బతింటే మళ్లీ ఆయననే పిలిచారు. అందరం చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ ఇన్ని శాఖలు, ఇన్ని వేలమంది ఇంజనీర్లు ఉండగా ఆపద వచ్చిన ప్రతిసారీ ఒకే పెద్దాయన ఇంటి తలుపు తట్టడం మన గొప్పతనమా?

మనకూ అలాంటి రాత్రులు ఉన్నాయి. 2019 అక్టోబరులో మూసీ రెగ్యులేటరీ గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. గండి పూడ్చడానికి ఎన్ని ఘనపు మీటర్ల మట్టి పోశారో ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం, చెబుతుంది. దాని పని బిల్లు చెల్లించడం, అంతే. కట్ట మీద చెమ్మ మొదట ఎక్కడ కనిపించింది, ఏ ఉపాయం పారలేదు, ఏది పారింది అన్నవి రాసుకోవడానికి అందులో గడి లేదు. ఆ సంగతులు తెలిసినవాడు లష్కర్. కట్ట వెంట నడిచేవాడు అతనే, పైకి పంపే నివేదికలో కనిపించనివాడూ అతనే.

పూర్వం చెరువు కింద నీరటి ఉండేవాడు. ఏ తూము ఎంత ఎత్తాలో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేవాడు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను అనను. కులానికి కట్టేసిన చాకిరీ అది. అయితే పోయింది చాకిరీ ఒక్కటే కాదు, దానితోపాటు తెలివీ పోయింది. సిమెంటు ఫ్యాక్టరీల్లో, కరెంటు ప్లాంట్లలో కనీసం షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్కు చేతులు మారుతుంది. కాలువల మీద ఒక అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) బదిలీ అయితే తాళాలూ రిజిస్టర్లూ అప్పగిస్తాడు, అనుభవం మాత్రం ఇంటికి పట్టుకెళతాడు.

తప్పు ఆయనది కాదు. ఎందుకు రాయరో ఇక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. రాస్తే మెమో వస్తుంది. ఫలానా మరమ్మతు నిలబడలేదని నిజాయితీగా రాసిన కాగితం రేపు విజిలెన్సు ఫైలులో సాక్ష్యమవుతుంది. ఈ భయాన్ని అలాగే ఉంచి కోట్లు పెట్టి పోర్టల్ కొంటే అందులో చేరేవి సర్క్యులర్లూ రిబ్బన్ కత్తిరింపు ఫోటోలే. అమెరికా విమానయానంలో ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను, వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదాలను నాసాకు గోప్యంగా తెలియజేస్తున్నారు. పేర్లు తీసేసి, పాఠం మాత్రం అందరికీ పంచుతారు. కావాలని చేసినవాటికీ, నేరాలకూ ఆ రక్షణ లేదు. విమానాలకు కుదిరింది తూములకు ఎందుకు కుదరదు?

నా సూచనలు పెద్దవేమీ కావు. విఫలమైన మరమ్మతుల నమోదుకు మెమో నుంచి మినహాయింపు ఇస్తూ ఒక జీవో రావాలి. మిగతావన్నీ దాని తర్వాతే. పదవీ విరమణకు ముందు కొన్ని నెలలు ఆ ఇంజనీరు వెంట, ఆ లష్కర్ వెంట ఒక కొత్త ఏఈని కట్ట మీద నడిపించాలి. వాళ్లు చెప్పేది చెప్పినట్టుగా, వాళ్ల తెలుగులోనే ఫోనులో రికార్డు చేసి, కిలోమీటరు నంబరుతో భద్రపరచాలి. దాన్ని ఇంగ్లీషు నివేదికగా మార్చే పని పెట్టుకోవద్దు. మార్చేటప్పుడు ముందు జారిపోయేది పనికొచ్చే ముక్కే.

సదస్సు తీర్మానం ముసాయిదా మధ్యాహ్నం మీ ముందుకు వస్తుంది. అందులో 'లష్కర్' అనే మాట లేకపోతే నేను సంతకం చేయను. ఇక మొదటి పత్రం గేజి రిజిస్టర్ల మీద. వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.