జబ్బు సంగతి పదిమందికీ చెప్పవచ్చునా?

నేను కరువు భత్యం గురించి మాట్లాడతానని మీరనుకొని ఉంటారు. అది కార్యదర్శి గారికి వదిలి, మా ఇంటి సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. మా శ్రీమతి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

2021లో ఆవిడకు కుర్చీలోంచి లేవడం కష్టమైంది. మెట్లెక్కలేదు. తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి లేచేది కాదు. "వయసు మీద పడింది, అంతే" అన్నాను. అందరూ అదే అన్నారు. ఏడాది అలాగే గడిచింది. చివరకు సి.కె. అనే రక్తపరీక్ష, మరికొన్ని పరీక్షలు చేసి 'మయోసైటిస్' అన్నారు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరపాటున కండరాల మీద పడి, వాటిని నీరసింపజేసే జబ్బు. స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. పేరు చెబితే బంధువులకు అర్థమయ్యేది కాదు. "కీళ్లవాతమేగా!" అనేవారు. ఆవిడ చెప్పడమే మానేసింది.

2022 అక్టోబరులో సినీనటి సమంత తనకు ఇదే జబ్బు ఉన్నదని ఇన్‌స్టాగ్రాంలో వెల్లడించారు. చేతికి సెలైన్ గొట్టంతో కూర్చున్న ఫొటో కూడా పెట్టారు. మనవరాలు ఫోనులో చూపితే మా ఆవిడ రెండుసార్లు చదివించుకుని, "అయితే నాకొక్కదానికే కాదన్నమాట" అంది. అప్పటినుంచి చుట్టాలతో "సమంతకు వచ్చినదే" అని ధైర్యంగా, కొంచెం గర్వంగా కూడా చెప్పుకునేది.

2024 జూలైలో అదే నటి, వైరస్ జబ్బులకు హైడ్రోజన్ పెరాక్సైడును నెబ్యులైజరుతో పీల్చి చూడమని రాశారు. కేరళ వైద్యుడొకరు గట్టిగా ఖండించారు. మంచి ఉద్దేశంతోనే చెప్పానని ఆమె బదులిచ్చారు. ఉద్దేశాన్ని నేను శంకించను. కాని అది పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. మా ఆవిడ మాత్రం తెప్పించమని పట్టుబట్టింది. "జబ్బు గురించి చెప్పింది నిజమైనప్పుడు ఇదెందుకు కాదు?" అని అడిగింది. నాకు తెలిసిన భాషలో చెప్పాను: "గుమాస్తా నోటు పెడతాడు, ఆర్డరు మీద సంతకం ఆఫీసరుది. తన బాధ ఆమె చెప్పవచ్చు, మందు డాక్టరు చెప్పాలి." డాక్టరు గారు వద్దన్నాకగాని నమ్మలేదనుకోండి!

గత నెల మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఆవిడే మనవరాలి చేత రాయించింది. లక్షణాలు, పరీక్ష పేరు, మేము పోగొట్టుకున్న ఏడాది గురించి రాయించింది. మందుల పేర్లు రాయనివ్వలేదు. మర్నాడే ఒక సభ్యుని భార్య ఫోను చేశారు. ఆరు నెలలుగా తనకూ చేతులు పైకి లేవడం లేదట, ఇంట్లో చెబితే వయసన్నారట. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలని అడిగారు. వచ్చే బుధవారం మా ఆవిడ తోడు వెళుతోంది.