అద్దె యిండ్లలోని పేదలు – పంచాయతీల కర్తవ్యము

(భీమవరము ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఇల్లు లేనివారెవ్వరని అడిగినచో మన దృష్టి వెంటనే కాలువ గట్టుమీది తాటాకు పాకల వైపు పోవును. అది సహజమే. పాక కంటికి కనబడును. వర్షాకాలమున దాని కష్టము అందరికిని తెలియును. కాని మన మధ్యనే యుండియు మన కంటికి ఆనని మరియొక వర్గము కలదు. వారు పరుల యింటిలో ఒక గది అద్దెకు తీసికొని కాపురము చేయువారు. తలపైన శ్లాబు ఉన్నది, చుట్టును ఇటుక గోడ ఉన్నది; కాని అందులో ఒక్క ఇటుకయు వారిది కాదు. నేడు నేను మీకు మనవి చేయబూనినది వారిని గురించియే.

భీమవరము 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. వరిచేల పనికి, చేపల చెరువుల మీద పనికి, రొయ్యలు ఒలుచు పనికి, పట్టణములో ఇండ్లు కట్టు పనికి కూలి కుటుంబములు వచ్చుచుండును. పట్టణమున అద్దె భరింపలేనివారు రాయలము, చినఅమిరము, విస్సాకోడేరు వంటి చేరువ గ్రామములలో గది వెదకికొందురు. ఈ డెల్టాలో ప్రతి సెంటు భూమియు పైరుకో, చెరువుకో పనికి వచ్చునదే యగుటచే ఇంటి స్థలపు ధర కూలివానికి అందుట దుర్లభము. సంపాదన పనిదినములను బట్టి హెచ్చుతగ్గులగును. అద్దె మాత్రము ప్రతి నెలయు తప్పదు. ఊడ్పులకు, కోతలకు నడుమ పని సన్నగిల్లిన నెలలలో అద్దె చెల్లించుటకై అప్పు చేయు కుటుంబమెంత యిరుకున పడునో మీకు నేను చెప్పనక్కరలేదు.

కొన్ని దేశములలో ఇట్టివారికి ప్రభుత్వమే అద్దెలో కొంత భాగము భరించును. బ్రిటనులో 1982లో చేసిన చట్టము ననుసరించి తక్కువ ఆదాయము గలవారికి అద్దె సహాయము ఏర్పడినది; ప్రైవేటు యజమానుల యిండ్లలో నున్నవారును దానికి అర్హులైరి. మన రాష్ట్రమున నెలనెలా అద్దెకు ధనమిచ్చు ఏర్పాటు లేదు. మన ప్రభుత్వములు మరియొక మార్గము నవలంబించినవి. అద్దెకు తోడ్పడుట గాక, అద్దెనుండి విడిపించుటయే ఆ మార్గము. భూమి లేని గ్రామీణ కూలీలకు ఇంటి స్థలములిచ్చు పథకము 1971లో వచ్చినది. మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడినది. ఇందిరా ఆవాస్ యోజన 1985లో ఆరంభమై, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన – గ్రామీణముగా మారినది. కావున మన గ్రామమున అద్దెకున్న పేదకు సహాయమనగా రెండే: ఇంటి స్థలము, ఇల్లు కట్టుకొనుటకు ధనము. ఈ రెంటిని పొందుటకు ముందుగా జాబితాలో పేరుండవలయును. చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఆ చిక్కు ఎట్టిదో చూడుడు. కేంద్ర పథకమునకు 2011 నాటి సాంఘికార్థిక, కుల గణన ఆధారమైనది. ఇల్లు లేనివారిని, మట్టిగోడలు కచ్చా కప్పు గల రెండు గదులకు మించని యిండ్లలోనివారిని ఆ పథకము లెక్కలోనికి తీసికొన్నది. ఇక పక్కా గదిలో అద్దెకున్న కుటుంబము మాటేమి? గోడలను చూచి వ్రాసికొన్నచో ఆ కుటుంబము ఇల్లున్న కుటుంబముగా తోచును. గోడ ఎట్టిదని అడుగుటతో బాటు, గోడ ఎవరిదని కూడ అడిగినపుడే నిజము తేలును.

మన రాష్ట్రపు ఇంటి స్థలముల నియమములు ఈ విషయమున అద్దెదారునకు అనుకూలముగా నున్నవి. 2025 జనవరిలో వెలువడిన ఉత్తర్వుల ప్రకారము గ్రామములలో 3 సెంట్లు, పట్టణములలో 2 సెంట్లు ఇవ్వవలెనని నిర్ణయమైనది. దారిద్ర్యరేఖకు దిగువనుండి, రాష్ట్రములో ఎచ్చటను సొంత ఇల్లుగాని స్థలముగాని లేక, పూర్వము ప్రభుత్వ గృహ పథకములలో లబ్ధి పొందనివారు దీనికి అర్హులు. మాగాణియైనచో రెండున్నర ఎకరములు, మెట్టయైనచో అయిదెకరములు మించి యుండరాదు. పట్టా ఇంటి ఇల్లాలి పేర వచ్చును. సెంటనగా 48.4 చదరపు గజములు. 3 సెంట్లనగా 145 గజములకు పైమాట. కేంద్ర పథకము కోరు కనీసపు ఇల్లు 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 30 గజములు. ఇల్లు కట్టుకొని, పెరడు మిగుల్చుకొని, మరుగుదొడ్డి ఏర్పరచుకొనుటకు ఈ స్థలము చాలును.

అర్హత యున్నను అద్దెదారునకు మూడు ఆటంకములు ఎదురగును.

మొదటిది చిరునామా. రేషను కార్డు ఒక ఊరిలో, కాపురము వేరొక ఊరిలో. అద్దె తక్కువని గ్రామము మారిన కుటుంబమును పాత గ్రామము వెళ్లిపోయినవారని తీసివేయును. కొత్త గ్రామము వచ్చినవారని విడిచివేయును. ఇట్లు రెండు గ్రామముల నడుమ వారి పేరు జారిపోవును. ఇల్లు మారిన వెంటనే కార్డులోని చిరునామా మార్పించుకొనుడని వారికి చెప్పి, ఆ పనిలో తోడ్పడుట సభ్యుని ధర్మము.

రెండవది సాక్ష్యము. పేదల అద్దె నోటిమాట మీద నడచును, రసీదుండదు. పన్ను పెరుగునేమోయని, హక్కు అడుగునేమోయని యజమాని కాగితము వ్రాయ జంకును. అద్దె రసీదు వలన అద్దెదారుడు యజమాని కాజాలడని సభ్యులు యజమానికి నచ్చజెప్పవలెను. అద్దెదారునకును ఒక మాట తెలియవలెను. న్యాయస్థానపు ఉత్తర్వు లేక బలవంతముగా ఇంటినుండి గెంటివేయబడినవాడు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. పాకలోనివాడు ఇల్లు కట్టుకొనునంత కాలము తన పాకలోనే యుండగలడు. అద్దెదారుడో, పునాది తీసిన నాటినుండి గృహప్రవేశము వరకు అద్దె కట్టుచునే యుండవలెను. కేంద్ర పథకమున మైదాన ప్రాంతపు ఇంటికి 2016లో నిర్ణయించిన సహాయము 1,20,000 రూపాయలు. అది ఒక్కసారిగా చేతికి రాదు. పని సాగిన కొలది దశలవారీగా బ్యాంకు ఖాతాకు వచ్చును. ఒక దశ పూర్తియైనను అధికారి వచ్చి చూచి నమోదు చేయుట ఒక నెల ఆలస్యమైనచో ఆ కుటుంబముపై ఒక నెల అద్దె, సిమెంటుకు తెచ్చిన అప్పుపై ఒక నెల వడ్డీ, రెండును పడును. లింటలు మట్టమున ఆగిన ఇల్లు పేదకు ఆస్తి కాదు, రెండవ భారము. కాబట్టి మీ గ్రామమున అద్దెదారుల యిండ్ల దశలను ముందుగా నమోదు చేయించుడు.

ఇంటి స్థలమును ఎన్నుకొనునపుడును జాగ్రత్త అవసరము. మనది పల్లపు నేల. యనమదుర్రు డ్రెయిను పొంగినపుడు ఏ చేను మునుగునో, ఏ మెరక నిలుచునో గ్రామస్థునికి తెలిసినంతగా పటము చూచువారికి తెలియదు. నీరు నిలుచు చోట స్థలమిచ్చినచో మెరక చేయుటకే పేదవాని సొమ్ము కరిగిపోవును. బాట, మంచినీటి గొట్టము, మురుగు పోవు దారి లేని కాలనీకి పేద కుటుంబము వెళ్లజాలదు. పట్టా పెట్టెలో నుంచుకొని మరల అద్దె గదిలోనే యుండును. ఈ సంగతులు తెలిసిన సభ్యుడు స్థల నిర్ణయమునకు ముందే నోరు విప్పవలెను.

మరి సభ్యులు చేయదగిన పనులేవి? తమ వార్డులో ఇంటింటికి పోయి, "ఈ యిల్లు మీదేనా? అద్దెదా?" అని అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనుడు. దరఖాస్తు ఇచ్చినవారికి రసీదు అందినదో లేదో విచారింపుడు. అర్హుల జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివింపుడు. విడిచిన పేర్లను అడుగుడు. తిరస్కరింపబడినవారికి కారణము కాగితముమీద ఇప్పింపుడు. పేరు చేర్చుటకు దళారికి పైకమీయవద్దని దండోరా వేయింపుడు. భీమవరము పురపాలక సంఘపు పరిధిలో కాపురమున్నవారికి 2024 సెప్టెంబరు 1న ఆరంభమైన పట్టణ ఆవాస్ యోజన రెండవ విడత వేరుగా కలదు. అందు తక్కువ అద్దె గృహముల నిర్మాణమునకును స్థానము కల్పింపబడినది. అట్టివారిని పురపాలక కార్యాలయమునకు పంపుడు.

ఇది దయతో చేయు పని కాదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల విషయముల పట్టికను చేర్చినది. అందు పదవది గ్రామీణ గృహనిర్మాణము. తలదాచుకొను హక్కు జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ వ్యాజ్యమున తెలిపినది. హక్కు రాజ్యాంగమున నున్నది. ధనము ఖజానానుండి వచ్చును. పేరు మాత్రము మీ గ్రామసభనుండి రావలెను.

ఒకటవ తేదీ వచ్చినచో గుండె ఝల్లుమను ఇల్లాలు మీ వార్డులో ఏ గదిలో నున్నదో మీకు తెలియును. ఆమె పేరు ఆ పుస్తకములో మొదటి వరుసన వ్రాయుడని కోరుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.