కొలత కుదిరిన కండె
(సూరత్ సమీపాన కామ్‌రేజ్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మగ్గాల పనికై వరంగల్లు, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుండి సూరత్‌కు తరలివచ్చిన కుటుంబాలవారు మీలో పలువురున్నారు. "మా పిల్లలు గుజరాతీలో చదువుకుంటున్నారు. తెలుగు పుస్తకం వారి చేతికందే మార్గమేది?" అని మీ పెద్దలు నన్నడిగారు. హిందీ నుండి తెలుగులోకి అనువాదం నా వృత్తి. కనుక ఆ ప్రశ్న నాది కూడా. డిజిటల్ గ్రంథాలయం అందుకొక మార్గం. అంతటి నిర్మాణం మనకు సాధ్యమా అన్నదే సందేహం.

నేతగాడు నాడెను, పన్నెను, కండెను తానే తయారుచేసుకోడు. కొలత కుదిరితే ఎవరు చేసిన కండె అయినా అతని నాడెలో ఇముడుతుంది. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కూడా అట్టిదే. పుస్తకాన్ని భద్రపరచే భాగం ఒకటి, వెదకిపెట్టే భాగం ఒకటి, ఇతర గ్రంథాలయాల నుండి వివరాలు సేకరించే భాగం మరొకటి. అమెరికాలో ఎం.ఐ.టి., హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలు 2002లో వెలువరించిన డీస్పేస్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును, తమకు తగినట్లు మార్చుకొనవచ్చును. ఈ రాష్ట్రంలోనే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే పరిశోధన గ్రంథాల నిధికి అదే ఆధారం. వేర్వేరు గ్రంథాలయాలు పుస్తక వివరాలను ఇచ్చిపుచ్చుకొనుటకు 2001లో ఒక ఉమ్మడి పద్ధతి ఏర్పడింది. అదే ఇక్కడి కొలత.

లిపుల విషయంలోనూ ఇట్టి కొలత ఉన్నది. యూనికోడ్‌లో దేవనాగరికి, గుజరాతీకి, తెలుగుకు 128 స్థానాల చొప్పున కేటాయించారు. భారతీయ ప్రమాణమైన ఇస్కీని అనుసరించినందున 'క' అక్షరం మూడింటిలోనూ అదే వరుస స్థానంలో ఉంటుంది. అందుచేత ఒక లిపికై చేసిన పనిముట్టు స్వల్పమైన మార్పులతో మరొక లిపికి ఉపకరిస్తుంది. రూపాలు వేరైనా వరుస ఒక్కటే.

అయితే ఒక్క పని మాత్రం అరువుకు దొరకదు. ఒకసారి నేనొక పాత తెలుగు నవల కోసం డిజిటల్ భాండారంలో వారం రోజులు వెదకాను. పుస్తకం అందులోనే ఉన్నది. కాని పేరును ఇంగ్లీషు అక్షరాలలో, అదీ తప్పుగా, నమోదు చేశారు. పేరు తప్పిన పుస్తకం ఉండీ లేనట్లే. తెలుగు పేరును తెలుగువాడే సరిగా వ్రాయాలి.

కావున మీ ఇండ్లలోని పుస్తకాలతోనే ఆరంభించండి. పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం తెలుగులోను, గుజరాతీ లిపిలోను వ్రాయించండి. ఆ పని పిల్లలకే అప్పగించండి. రచయిత మరణించి 60 ఏండ్లు దాటిన గ్రంథాలను ముందుగా ఎన్నుకోండి. వాటికి హక్కుల చిక్కు ఉండదు. యంత్ర భాగాలు లోకమంతటా సిద్ధంగా ఉన్నవి. వాటిలో చుట్టవలసిన నూలు మాత్రం మనదే.