పెండ్లి సాక్ష్యం పటాలం కాగితంలో



మన తండాల్లో చాలా ఇండ్లలో ఒక మాట వినబడుతుంది: "మా ముత్తాత మిలిటరీలో చేసినాడంట." ఏ పటాలం, ఎవరిని పెండ్లి చేసుకున్నాడు అని అడిగితే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు తరచుగా ఒకే కాగితంలో ఉంటుందని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ముందు పెండ్లి సంగతి. మన పెండ్లి నాయక్ ముందు, పెద్దల ముందు జరుగుతుంది. వాళ్ళు ఏ పాడ, వీళ్ళు ఏ పాడ అని చూసి, బెల్లం పంచితే మాట ఖాయం. పెండ్లయిన ఆడమనిషికి తలమీది ఘుగ్రి-టోప్లీయే సాక్ష్యం. 1955 హిందూ వివాహ చట్టం కూడా షెడ్యూల్డ్ తెగలను పక్కన పెట్టి, మన ఆచారాన్ని మనకే వదిలింది. ఆచారం చెల్లుతుంది, కానీ దానికి రిజిస్టరు లేదు. సాక్షులు పోతే సాక్ష్యమూ పోతుంది.

ఇక పటాలం సంగతి. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ దండు మన పక్కనున్న మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు మీదుగా బెంగళూరుకు పోయింది. టిప్పుతో జరిగిన ఆ యుద్ధంలో ఇంగ్లీషు దండుకు ధాన్యం మోసినవాళ్ళలో మన బంజారాలు ఉన్నారు. ఆనాటి కాగితాల్లో వాళ్ళను బ్రింజారీలు అన్నారు. ఎద్దులెన్ని, ధాన్యమెంత అనే లెక్క కనబడుతుంది. ఎద్దులు తోలినవాడి పేరు, వాడి ఇల్లాలి పేరు కనబడడం అరుదు.

మన పేర్లు వరుసగా దొరికేది మనవాళ్ళు సిపాయిలుగా చేరిన తర్వాతే. చేరేటప్పుడు కిండ్రెడ్ రోల్‌లో తల్లిదండ్రులు, అన్నదమ్ములు, భార్యాబిడ్డల వివరాలు రాస్తారు. తర్వాత పెండ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్-2 ఆర్డర్‌లో ఎక్కిస్తారు. ఏ ఆఫీసులోనూ లేని మన అవ్వ పేరు అక్కడ ఉండవచ్చు.

వెతికేవాళ్ళు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు పలమనేరు, పుంగనూరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. పాత కాగితాల్లో ఆ జిల్లాల పేర్లే చూడాలి. రెండు, "నాయక్" అని కనబడగానే పేరు అనుకోవద్దు. పటాలంలో అదొక హోదా, మనకేమో తండా పెద్ద, పేరు చివర మాట కూడా. మూడు, పేరు కంటే నెంబరు ముఖ్యం. డిశ్చార్జి బుక్కులో, పెన్షన్ ఆర్డరులో, చాలాసార్లు మెడల్ అంచు మీద కూడా సర్వీసు నెంబరు ఉంటుంది. పాత ట్రంకు పెట్టెలు తీసి చూడండి.

నెంబరు దొరికితే ఆయన పనిచేసిన పటాలం రికార్డు ఆఫీసుకు రాయండి. మద్రాసు రెజిమెంటుది నీలగిరి వెల్లింగ్టన్‌లో, మద్రాసు ఇంజనీర్ గ్రూపుది, పయనీర్ కోరుది బెంగళూరులో ఉన్నాయి. దారి చూపడానికి చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో ప్రాణాలు విడిచినవాళ్ళ పేర్లను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ నెట్‌లో పెట్టింది, రూపాయి ఖర్చు లేకుండా చూడవచ్చు. రెండో యుద్ధంలో పోయినవాళ్ళ వివరాల్లో చాలాచోట్ల ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త అని రాసి ఉంటుంది. ఆ ఒక్క వరసలో పటాలమూ పెండ్లీ రెండూ దొరుకుతాయి.

ఇది పాతముచ్చట కోసం చెప్పేది కాదు. సిపాయి పోయినాక కుటుంబ పెన్షన్ రావాలంటే భార్య పేరు రికార్డులో ఉండాలి. పిలిచే పేరు ఒకటి, రాసిన పేరు ఇంకొకటి అయితే, ముప్పై ఏండ్లు కాపురం చేసిన మనిషి కూడా "నేనే ఆయన భార్యను" అని కాగితాలు పట్టుకుని తిరగాలి. ఘుగ్రి-టోప్లి చూసి ఏ ఆఫీసూ పెన్షన్ ఇవ్వదు.

అందుకే రెండు పనులు చేద్దాం. ఉన్న ముసలివాళ్ళను అడిగి ఏ తండా, ఏ పాడ, ఎవరికి ఎవరు అని ఈ నెలలోనే రాసిపెడదాం. కొత్త పెండ్లిళ్ళను 2002 చట్టం ప్రకారం నమోదు చేయిద్దాం. పటాలంలో ఉన్న తమ్ముళ్ళూ, సెలవులో ఇంటికి వచ్చినప్పుడు ఆధార్‌లో మీ భార్య పేరు, రికార్డులో పేరు ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

జై సేవాలాల్!